పోచవ్వ కోళ్లకు నేను కావలున్న నాలుగు దినాలు

జర ఆ చాయ్ ఇటు జరుపుండ్రి అన్నా. ఎడమచేత్తోని తాగుతున్నడేంది, ఈ రాజయ్యకు ఏం రోగమొచ్చింది అని చూస్తున్నరు గద? ఇగో, కుడిచెయ్యి చూడుండ్రి. ఈ పట్టీ కత్తి తెగి కట్టింది గాదు, తేలు కుట్టి కట్టింది గాదు. కోడి పొడిచింది! అవు, కోడే! మా తాతల సంది నీసు ముట్టని ఇల్లు మాది. మా అవ్వ ముంగట కోడిగుడ్డు అని పేరు గూడ తియ్యం, 'ఆ తెల్లది' అంటం. అసొంటి ఇంట్ల పుట్టినోణ్ణి, ఈ వారం నాలుగు దినాలు కోళ్లకు కావలున్న. ఇప్పుడు మొయినాబాద్‌ల ఏ వాకిట్లకు పోయినా నా ముచ్చటే. అంగడికని చేవెళ్లకు వస్తే ఈడికి గూడ వచ్చేటట్టున్నది. వేరేటోళ్లు చెప్పకముందు నేనే చెప్తా. వాళ్లు చెప్తే నాలుగు మాటలు కలిపి చెప్తరు.

నవ్వుడు తర్వాత. ముందు వినుండ్రి.

మా ఇల్లు మీకెరికే. ముందర కిరాణ దుకాణం, ఎనక ఇల్లు. ఇంట్ల నేను, నా పెండ్లాం రుక్కమ్మ, నన్ను కన్న మా అవ్వ. పక్కింట్ల పోచవ్వ ఉంటది. ఆమెకు మొగడు లేడు. ఒక్కతే బిడ్డ, ఆ బిడ్డను ఇగో మీ పక్కన ఆలూరుకిచ్చింది. ఇంట్ల ఆమె, ఆమె కోళ్లు, అంతే సంసారం. మా పెరటికి ఆమె పెరటికి నడుమ నా ఛాతీ ఎత్తు మట్టిగోడ. పోయినేడు మా అవ్వ బాయికాడ జారిపడి మంచం పట్టినప్పుడు, రెండు నెలలు మాకు నీళ్లు మోసింది పోచవ్వనే. మా అవ్వకు మడి ఎక్కువ. అయినా పోచవ్వ అంటే పాణం. "ఆ కోళ్లొక్కటి లేకుంటే దానంత మంచిది ఊర్ల లేదు" అంటది.

సోమారం పొద్దుగాల దుకాణం తెరిసి ఊడుస్తున్న. పోచవ్వ మూట చంకల పెట్టుకొని ఉరుక్కుంట వచ్చింది.

"రాజయ్య కొడుకా! ఆలూరు కెళ్లి మనిషొచ్చిండు. బిడ్డకు నొప్పులొస్తున్నయంట. మోటరు వచ్చే యాళ్లయింది, నేను పోతున్న. నా కోళ్లను జర చూడు."

నేను చీపురు కింద పడేసిన.

"నేనా? కోళ్లనా? ఓ పోచవ్వా, నీ చుట్టాలు ఇంతమంది ఉన్నరు గద ఊర్ల!"

"ఉన్నరు. ఎవలకు ఒప్పజెప్పినా నేనొచ్చేవరకు ఒకటి తక్కువైతది. గద్దెత్తుకపోయిందంటరు. అదేం గద్దనో, ఎత్తుకపోయిన నాడు వాళ్లింట్లనే మసాల వాసనొస్తది! మీరైతే తినరు. మీ ఇంటి కంటె పైలమైన జాగ ఎక్కడున్నది కోడికి?"

నేను చీపురు మళ్ల చేతికి తీసుకునేలోపట ఆమె చెప్పుడు మొదలువెట్టింది.

"ఆరు పెట్టలు, ఒక పుంజు. మూలకు గంపల ఒకటి పొదుగుతున్నది, తొమ్మిది గుడ్లు పెట్టిన దాని కింద. రెండు మూడు దినాలల్ల పిల్లలైతయి. పొద్దుగాల గూడు తెరిసి ఒక్క పిడికెడు నూకలు చల్లు. పిడికెడే! కడుపు నిండితె అవి మేతకు తిరగవు. పగటీలి తవుడు పిసికి పెట్టు, పిండి తీర్గ, జావ తీర్గ గాదు. చిప్పల నీళ్లు వట్టిపోవద్దు. గూట్ల బూడిద చల్లు, పేన్లు పట్టవు. పొదిగేదాన్ని దినానికొక్కపారి లేపు. తిని, తాగి, రెట్టేసొస్తది. అంతట్ల గుడ్లు సల్లారనియ్యకు. పొద్దుగూకంగ 'బో బో బో' అను, అన్నీ వస్తయి. పుంజు ఒక్కటే జర మాట వినది. దాని పేరు జమేదార్. పేరుపెట్టి పిలిస్తే వస్తది. అంతే!"

'అంతే' అనుకుంట మోటరు దిక్కు ఉరికింది. అందులకెళ్లి నాకు అప్పుడు యాదికున్నయి మూడే మాటలు. నూకలు, తవుడు, బో బో బో. మిగిలినయి తర్వాత ఒక్కొక్కటే యాదికొచ్చినయి.

సరే. పోయి గూడు తెరిసిన. ముందుగాల పుంజు బయటికొచ్చింది. ఎర్రటి తురాయి, మెడ నిండ బంగారు ఈకలు. సిపాయిల మీద పెద్ద తీర్గ ఆగి, నన్ను పైకెళ్లి కిందిదాంక చూసింది. దానికి జమేదార్ అని పేరు ఎందుకు పెట్టిందో నాకు అప్పుడే సమజైంది. నాకు తెల్వకుంటనే దండం పెట్టిన.

ఇగ నూకలు. పిడికెడంటే నాకు మనసొప్పలె. మనం దుకాణపోళ్లం గద, పిడికెడు పెట్టి పంపుడు ఏం మర్యాద! సోలెడు పోసిన. రెప్ప కొట్టెలోపట ఊడ్చి నా మొకం చూసినయి. ఇంకో సోల పోసిన. మీదికెళ్లి రెండు దోసిళ్ల పల్లీలు. అవి తింటుంటే అట్ల చూసుకుంట కూసున్న. టకటక టకటక! మనిషి తిన్నప్పుడు గూడ అంత సంబురంగ తినడు. గిరాకీ వచ్చి పిలుస్తున్నా నేను లేవలె.

పగటీలి తవుడు పిసికిన. నీళ్లు జర ఎక్కువైనయి. ఇంకింత తవుడు పోసిన, మళ్ల గట్టిగైంది. మళ్ల నీళ్లు. చివరికి అది బకెట్ నిండింది, జావ తీర్గనే ఉన్నది. పెట్టలు కాళ్లు పెట్టి దిగబడ్డయి. జమేదార్ నడుమ నిలబడి రెక్కలు దులిపిండు. నా ధోతి, నా మొకం, మా గోడ, అన్నిటికి సున్నమేసినట్టు తవుడు పడ్డది.

ఇగ పొదిగేదాన్ని లేపుడు మిగిలింది. గంపల గడ్డి మీద నల్లటి పెట్ట, ఈకలన్నీ ఉబ్బించి గుమ్మడికాయంత అయి కూసున్నది. నేను వంగి, "ఇగో అమ్మా, జర లేస్తవా, అన్నం తిందువు" అని మర్యాదగనే అడిగిన. గొంతులకెళ్లి 'కుర్ర్' అన్నది. అదేదో సరే అన్నట్టు అనిపించి చెయ్యి పెట్టిన. ఇగో, గాడనే ఈ పట్టీ!

గోడ అవుతల మా రుక్కమ్మ నవ్వుడు. కొంగు నోట్లె పెట్టుకొని మరీ నవ్వుతున్నది.

"నవ్వకే! రక్తం కారుతున్నది."

"అదేమో తల్లి, నువ్వేమో శావుకారివి. గుడ్లు కొననీకి వచ్చినవనుకున్నది!"

రెండోపారి కుడిచేతికి గోనెసంచి చుట్టుకున్న, ఎడమచేతిల చాట అడ్డం పట్టుకున్న. కండ్లు మూసుకొని ఎత్తి బయట పెట్టిన. అది తిన్నది, తాగింది. పోయి బూడిదల పొర్లుడు మొదలువెట్టింది. పొర్లుతనే ఉన్నది. నాకేమో లోపట గుడ్లు సల్లారుతయని బుగులు. జన్మల మొదటిపారి గుడ్డును ముట్టుకున్న అన్నా. ఎంత ఎచ్చగున్నదో! ఆ ఎచ్చదనం చేతికి తాకంగనే నాకు సమజైంది. లోపల ఒక పాణం ఉన్నది, దానికి ఇప్పుడు దిక్కు నేనే. నా తలరుమాలు ఇప్పి తొమ్మిదింటి మీద కప్పిన, అంచులు గూడ లోపటికి దోపిన.

"గంత ఫికరైతె నువ్వే కూసోరాదు గుడ్ల మీద" అన్నది రుక్కమ్మ.

నిజం చెప్తున్న, ఒక్క నిమిషం సోంచాయించిన.

నల్లది దానంతట అదే వచ్చింది. నా రుమాలును కాలితోని అవుతల పడేసి గుడ్ల మీద కూసున్నది. ఆ రుమాలు మళ్ల కట్టుకోనీకి రాలె, చెప్పక్కరలేదు.

పొద్దుగూకింది. ఇగ 'బో బో బో' అనాలె. దుకాణం ముంగట నలుగురున్నరు, నాకేమో సిగ్గు. గోడ పక్కకు పోయి చెవిల చెప్పినట్టు 'బో బో' అన్న. ఒక్కటి రాలె. జర పెద్దగ అన్న. రాలె. ఇగ సిగ్గిడిసి గొంతెత్తి "బో బో బో బో!" అని ఒర్రిన. కోళ్లు వచ్చినయి. కోళ్లతోపాటు గల్లీల ఉన్నోళ్లంత గూడ వచ్చిండ్రు. ఒక ముసలామె గిన్నె పట్టుకొనొచ్చి, "ఏం పంచుతున్నవ్ కొడుకా?" అన్నది.

అదీ మొదటి దినం.

రెండో దినం గూడు తెరిస్తే ఒక్క కోడి గూడ మేతకు పోలె. పిడికెడు కంటె ఎక్కువ ఎయ్యకు అని పోచవ్వ ఊకెనే అన్లె! అన్నీ కలిసి గోడ దుంకి, నా ఎనకనే వరుసగ దుకాణానికొచ్చినయి. నేను లోపటికి పోతే లోపటికి, బయటికొస్తే బయటికి. జమేదార్ ఏకంగ తరాజు పళ్లెంల ఎక్కి కూసున్నడు. బెల్లం కొననీకొచ్చినాయన దాన్ని చూసి, "శావుకారి, ఇదెప్పటిసంది అమ్ముతున్నవ్?" అని అడిగిండు.

లోపటికెళ్లి మా అవ్వ వచ్చింది. దుకాణం నేల చూసింది. నేల మీద ఏమున్నదో మీకు తెలుసు.

"రాజిగా! పోచవ్వ కోసమని ఊకుంటున్న. దుకాణం దాంక వచ్చినయి, సరే. ఇంటి గడప ఒక్కటి దాటిందనుకో, ఆ దినం నేను అన్నం ముట్ట!"

మా అవ్వ అన్నదంటే అన్నట్టే. ఒకపారి గిన్నె మారిందని రెండు దినాలు ఉపాసమున్న మనిషి. నేను కోళ్లన్నిటినీ తోలుకపోయి పెరట్ల ఇడిసిన. తవుడు ఈపారి మంచిగ పిసికిన, పిండి తీర్గనే. నల్లదాన్ని లేపితే ఒక్కపారే పొడిచింది. సాయంత్రం సిగ్గు లేకుంట పిలిచిన. కోళ్లన్నీ గూట్ల సర్దుకొని గునుసుకుంటుంటే, తడిక కట్టి కాసేపు అక్కడనే కూసున్న. మంచిగనిపించింది అన్నా. పొద్దంత తూకాలు, బేరాలు. ఇవేం బేరమాడవు. పెడ్తే తింటయి, పిలుస్తే వస్తయి, కప్పితే పంటయి.

గింత మంచిగ నడుస్తుంటే బుధారం వచ్చింది.

ఎండ జరంత ఎక్కినంక, ఉప్పు కొననీకొచ్చిన ఒకాయన చెప్పిండు. "గిర్దావర్ సాబు చావడిల దిగిండు శావుకారి. ఆయన ఎంబడి వచ్చిన చప్రాసి ఇంటింటికి తిరిగి కోళ్లు పడ్తుండు. సాబుకు దావత్ చెయ్యాల్నంట. ఈ గల్లీ మొదట్ల ఉన్నడిప్పుడు."

మీకు తెల్వందేమున్నది, పన్నుల లెక్కలు చూసే పెద్ద సాబు ఊర్లె దిగిండంటే కోడి మనది గాదు, గుడ్డు మనది గాదు. కాదనేటోడు లేడు. ఇంట్ల మనిషుంటే కాళ్లావేళ్లా పడి ఒకటన్న మిగుల్చుకుంటరు. పోచవ్వ ఇంటికి తాళమున్నది. అడ్డం నిలబడెటోళ్లు లేరు, అన్నీ పోతయి. నల్లది గూడ పోతది. గుడ్లు? బిడ్డ పురుడుకు పోయిన మనిషి ఒచ్చి వట్టి గూడు చూస్తే, నా మొకం ఎట్ల చూపియ్యాలె?

అప్పుడొచ్చింది ఆలోచన. ఊరంత ఎతికినా, కోళ్ల కోసం ఎవడూ ఎతకని ఇల్లు ఒక్కటే ఉన్నది. మాది!

రుక్కమ్మతోని చెప్పిన. "అత్తకు తెలిస్తే?" అన్నది. "ఇప్పుడు దేవునర్రల ఉన్నది. పూజ అయ్యేవరకు బయటికి రాదు" అన్న. చీరకొంగు నడుముకు చుట్టింది. "పొదిగేదాన్ని నేను తెస్త. నీ చెయ్యంటే దానికి పడది."

గంపకు గంప ఎత్తుకొచ్చింది, నల్లది కిక్కురుమనలె! అదే నేనైతే రెండో చెయ్యి గూడ పోవు.

నేను పల్లీలు పట్టుకొని పెరట్ల గల్లీల మెల్లగ బో బో అనుకుంట తిరిగిన. రెండు దినాలు తినబెట్టిన తిండి అక్కరకొచ్చింది, అన్నీ కాళ్లకు చుట్టుకున్నయి. చేతికి దొరికినదాన్ని దొరికినట్టు గోనెసంచిల ఏసి గోడ మీదికెళ్లి అందిచ్చుడు, ఆమె అందుకొని సరుకుల అర్రల ఇడుసుడు. చెమట కండ్లల్లకు కారుతున్నది, ఏది కోడో ఏది నా కాలో తెలుస్తలేదు. మిగిలింది జమేదార్. వాడు ముందర గల్లీలకు ఉరికిండు. నేను ఎనక పడి, మూలకు తోలి, సంచి తెరిసి పట్టుకొని ఒర్రిన.

"ఒరేయ్ జమేదార్! దొంగమొకపోడా! దూరు సంచిల, దూరు!"

దూరిండు. సంచి మూతి బిగబట్టి లేచి ఎనకకు తిరిగిన.

ఎనక చప్రాసి నిలబడ్డడు. ఊర్లోళ్లంత భయానికి వాణ్ణి ఏమని పిలుస్తరో చెప్పనా? జమేదార్ సాబు!

ఎడమచేతిల కాళ్లు కట్టిన రెండు కోళ్లు, మొకం ఎర్రగ. "ఎవర్ని సంచిల దూరమంటున్నవ్ శావుకారి?"

"మిమ్మల్ని గాదు సాబ్! ఎలుక సాబ్, ఎలుక! దుకాణంల దూరింది."

"నా పేరు ఎలుకకు పెట్టినవా?"

ఇగ చూడుండ్రి, గుంటకెళ్లి బాయిల పడ్డ. "లేదు సాబ్, అది అన్నిటికంటె పెద్దది. అందుకే మర్యాదకు…"

సంచి నా చంకల ఎగిరెగిరి పడుతున్నది. వాడు సంచిని చూసి రెండడుగులు ఎనకకు పోయిండు. "గింత పెద్దదా!"

"నూకలు తిన్నది సాబ్."

వాడు పోచవ్వ పెరట్లకు పోయిండు. వట్టి గూడు చూసి తిట్టుకుంట మళ్ల మా దుకాణం ముంగటికే వచ్చిండు. నేను అంతలోపట సంచి అర్రల కుమ్మరిచ్చి, తలుపు గడియ పెట్టి, ఏమెరగనట్టు గద్దె మీద కూసున్న. ఇగ పోతడు, ఇగ పోతడు అనుకుంటున్న. అంతట్ల గల్లీ మూల తిరిగి ఎవరొచ్చిండ్రు? గిర్దావర్ సాబే! చేతికర్ర, కడుపు మీద ఒక చెయ్యి.

"శావుకార్, వాము ఉన్నదా? జర ఇయ్యి. కడుపు మంచిగ లేదు" అని బల్ల మీద కూలబడ్డడు.

నేను వాము పొట్లం అందిస్తున్న. సరిగ్గ అప్పుడే, లోపట అర్రలకెళ్లి ఒక పెట్ట గుడ్డు పెట్టినట్టున్నది. కోడి గుడ్డు పెడ్తే ఊకుంటదా? ఊరంతటికి చాటింపు!

"కొక్ కొక్ కొక్ కొక్కేక్!"

సాబు తల ఎత్తిండు. చప్రాసి చెవులు నిక్కినయి. నేను పొట్లాన్ని సాబు చేతిల కుక్కిన.

ఘణ ఘణ ఘణ ఘణ! దేవునర్రలకెళ్లి మా అవ్వ గంట మోగింది. కోడి ఆగింది, గంట ఆగింది. మళ్ల "కొక్కొక్కొక్…" మళ్ల ఘణఘణ! ఇంకో కోడి అందుకున్నది. గంట ఇంకింత జోరుగ! నా అదృష్టానికి పూజ ఇయ్యాల జోరు మీద ఉన్నదనుకున్న. నేను గూడ కాళ్లతోని గద్దెను తన్నుకుంట, "వాము, వాము, మంచి వాము సాబ్!" అని ఒర్రుతున్న.

"మీ అవ్వకు భక్తి ఎక్కువున్నట్టున్నది" అన్నడు సాబు.

"మస్తు సాబ్!"

"మీ ఇంట్ల నీసు ముట్టరు గద? హకీం నాకు మాంసం బంద్ చేసిండు. నూనె బంద్, కారం బంద్. పెరుగన్నమే తినుమన్నడు. ఊర్ల ఎక్కడ పోయినా మసాల వాసనకే కడుపుల తిప్పుతున్నది. ఇయ్యాల మీ ఇంట్లనే తింట."

చప్రాసి నడుమ దూరి, "సాబ్, కోళ్లు తయారున్నయి…" అన్నడు.

"కోళ్లా? ఏ కోళ్లు? నేనడిగిన్నా? పెరుగు మెతుకు దిగుతలేదు, నువ్వు నా పేరు చెప్పి కోళ్లు పడ్తున్నవా? పో! ఎవరివి వాళ్లకిచ్చిరా పో!"

చప్రాసి మొకం చూడాలె మీరు. ఉరికిండు. నా మొకం గూడ చూడాలె. అంటే ఏంది? ఈ సంచులు, ఈ ఎలుక, ఈ చెమట, అంత ఎందుకు పడ్డట్టు నేను? అట్లని ఇప్పుడు తలుపు తీసి కోళ్లను బయటికి తోలుతనా? ఎలుక అని నోటితోని అన్న గద!

ఇగ ఇంట్ల వడ్డన. సాబు పీట మీద కూసున్నడు. సరుకుల అర్ర తలుపు ఆయనకు నాలుగడుగుల దూరం. రుక్కమ్మ పెరుగన్నం కలిపి పెడ్తున్నది, నేను ఇసురుతున్న, దేవునర్రల మా అవ్వ గంట ఆపుతలేదు. సాబు మెల్లగ, మంచిగ తిన్నడు. రెండోపారి అడిగి పెట్టిచ్చుకున్నడు. చెయ్యి కడిగి, గడప దాటి, చెప్పులు తొడుక్కుంట నా చెవి దగ్గరికొచ్చిండు.

"శావుకార్, భోజనం మస్తుగున్నది. మీ అవ్వ గంట గూడ మంచిగ కొట్టింది. కాని గుడ్డు పెట్టిన కోడి ఒర్రుడు గంటతోని దాగుతదా?"

ఆయన నవ్వుకుంట పోయిండు. ఎనకకు గూడ తిరగలె.

నేను లోపటికి పోయి సీదా మా అవ్వ కాళ్ల మీద పడ్డ. "అవ్వా, తప్పయింది. గడప దాటిచ్చిన. ఉపాసముండకు."

మా అవ్వ గంట పక్కకు పెట్టి చెయ్యి పిసుక్కున్నది. "చెయ్యి గుంజుతున్నదిరా. నువ్వు గోడ మీదికెళ్లి సంచులందిస్తుంటే నాకు కిటికిలకెళ్లి కనబడలేదనుకున్నవా? ఆమె నా కోసం రెండు నెలలు బిందెలు మోసింది. నేనొక్క పూట గంట కొట్టలేనా? లే. అర్రంత పసుపు నీళ్లు చల్లి, నువ్వు తానం చెయ్యి. తర్వాత అన్నం పెట్టుమను, ఆకలైతున్నది."

అర్ర తలుపు తీసిన. ఏం చెప్పాలె! పల్లీల సంచికి పొక్క వడ్డది, పల్లీలు నేలంత. బెల్లం గంప నడుమ ఒక తెల్లది, అదే, గుడ్డు. జమేదార్ అన్నిటి మీదికెళ్లి గుమ్మి ఎక్కి కూసున్నడు. నాకు కోపం రావాలె గద? రాలె. ఎందుకంటే మూలకు గంపల నల్లది రెక్క జరంత లేపింది. కిందికెళ్లి తడితడిగ ఇంతంత ముక్కు బయటికొచ్చింది. 'కియ్' అన్నది. రుక్కమ్మ, నేను, మడికట్టుకున్న మా అవ్వ, ముగ్గురం ఆ గంప ముంగట ఎంతసేపు నిలబడ్డమో మాకే తెల్వది. దుకాణంల గిరాకీ పిలిసి పిలిసి పోయిండు.

బేస్తారం సాయంత్రం పోచవ్వ మోటరు దిగి వచ్చింది. మనుమరాలు పుట్టింది, తల్లీబిడ్డ మంచిగున్నరు. మొకమంత ఎలుగు. గూడు చూసింది, నల్లదాని కింద ఎనిమిది పిల్లల్ని చూసింది. ఒక్క గుడ్డే మురిగింది. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "కడుపున పుట్టిన కొడుకున్నా గిట్ల చూడకపోవు" అన్నది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గప్పుడే ఆమె గూట్లకు వంగి, ఒకదాన్ని కాళ్లు పట్టి బయటికి గుంజింది.

"ఇది ఎవలదిరా?"

"నీదే గద పోచవ్వా!"

"నావి నాకున్నయి, ఇది నాది గాదు. కాలికి నీలం పోగు చూస్తలేవా? ఇది పటేలమ్మ కోడి!"

నా పైన పిడుగు పడ్డది. నాకు పుంజు, నల్లది తప్ప కోళ్లన్నీ ఒక్క తీర్గనే కనబడ్తయి. బుధారం గల్లీల దొరికినదాన్ని దొరికినట్టు సంచిల కుక్కిన గద!

ఇంకో ముచ్చట వినుండ్రి. చప్రాసి ఎవరి కోళ్లు వాళ్లకిచ్చిండు. మా ఊరి పటేలు పెండ్లాం, ఆ పటేలమ్మ కోడి ఒక్కటే రాలె. ఆమె బుధారం సాయంత్రం సంది గల్లీ నడుమ నిలబడి ఆ దొంగను తిడ్తున్నది. వాని వంశమంత తిట్టింది. అప్పుడు దుకాణం గద్దె మీద కూసొని నేనేమన్న తెలుసా? "అవును పటేలమ్మా, అసొంటోని చేతులు పడిపోవాలె!" రెండుపార్లు అన్న.

పోయి చెప్పి ఇచ్చెయ్యి అన్నది పోచవ్వ. ఎట్ల చెప్పాలె? ఆ తిట్లకు నేనే వంత పాడితి. మెల్లగ వాళ్ల పెరట్ల ఇడిసి వస్తే ఎవలకు తెల్వది, కోడి దానంతట అదే వచ్చిందనుకుంటరు, అని నా తెలివి.

సుక్కురారం తెల్లారంగనే, కోడిని శాలువ కింద పెట్టుకొని పటేలోళ్ల పెరటి గోడకాడికి పోయిన. అటిటు చూసిన, ఎవలు లేరు. కోడిని రెండు చేతులతోని లేపి గోడ మీద పెడ్తున్న. అది దాని ఇల్లు కనబడంగనే గొంతు తెరిసింది! నేను దాని నోరు మూస్తున్న. గోడ అవుతలకెళ్లి పటేలమ్మ చెంబుతోని లేసింది.

"దొంగ! దొంగ! నా కోడిని ఎత్తుకపోతుండు!"

"ఎత్తుకపోతలేను పటేలమ్మా, పెడ్తున్న! పెడ్తున్న!"

రెండు నిమిషాలల్ల గల్లీ నిండింది. పండ్లు తోమే యాప పుల్లలు నోట్లె పెట్టుకొని అందరు నిలబడ్డరు. నా చేతుల కోడి, భుజం మీద శాలువ, మొకం మీద రెట్ట. ముచ్చటంత మొదటికెళ్లి చెప్పిన. ఎలుక కాడికొచ్చేవరకు పటేలు కడుపు పట్టుకొని కూసున్నడు. పటేలమ్మ నవ్వలె. కోడిని తీసుకొని, ఎగేసి బరువు చూసింది, నన్ను ఎగాదిగా చూసింది.

"దొంగైతే కోసుకొని తింటడు. కోడిని ఎత్తుకపోయి, రెండు దినాలు మేపి, మళ్ల తెచ్చి గోడ మీద పెట్టెటోడు దొంగెట్లయితడే? వీడు దొంగ గాదు, వట్టి ఎడ్డోడు!"

ఊరంత సరే అన్నది. అందరికంటె ముందుగాల తల ఊపింది ఎవరనుకున్నరు? మా రుక్కమ్మ!